గీసిన దూరం, నిలిచిన దూరం: ఒక సర్ఫేస్ కోడ్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2025, రెండో వారం

క్వాంటమ్ ఎర్రర్ కరెక్షన్ గురించి చదవడం చాలు, ఇక కట్టి చూద్దాం అనుకుని మొదలుపెట్టాను. సర్ఫేస్ కోడ్‌ని నా ల్యాప్‌టాప్ మీద మొదటి మెట్టు నుంచి కట్టాలి; చాలా క్యూబిట్లను (క్వాంటమ్ బిట్లను) ఒక పలక మీద పరిచి, వాటిలో ఒక్క క్యూబిట్ సమాచారాన్ని ఎర్రర్ల నుంచి కాపాడే పద్ధతి అది. పేపర్లలో చెప్పే త్రెషోల్డ్ అంకెలు (ఎర్రర్ ఎంత శాతం దాటితే ఈ పద్ధతి పనికిరాదో ఆ హద్దు) నా గ్రాఫుల్లో ఎక్కడ పడతాయో చూడాలి. పగలు ఆఫీసులో డేటాబేసుల పని, కాబట్టి దీనికి దొరికేది రాత్రులూ, శనాదివారాలూ.

నా దగ్గర క్వాంటమ్ కంప్యూటర్ లేదు. ఈ పనికి అక్కర్లేదు కూడా. యాభై క్యూబిట్లు దాటితే మామూలు కంప్యూటర్ చేతులెత్తేస్తుందని తరచూ వింటుంటాం. ఏ గేట్లయినా వాడే సర్క్యూట్ల విషయంలో అది నిజమే. హాడమర్డ్, సీనాట్ (ఒక క్యూబిట్ స్థితిని బట్టి ఇంకోదాన్ని తిరగేసే గేట్), కొలత లాంటి క్లిఫర్డ్ పనులు మాత్రమే ఉంటే వేల క్యూబిట్లున్నా సాధారణ ప్రాసెసర్ లెక్కగట్టేస్తుందని గాట్స్‌మన్–నిల్ సిద్ధాంతం చెబుతుంది. ఎర్రర్‌ని పట్టుకునే సర్క్యూట్లు ఆ కోవలోవే. 2021లో క్రెయిగ్ గిడ్నీ తెచ్చిన స్టిమ్ అనే ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్ దీన్ని ఎంత దూరం తీసుకెళ్లిందంటే, 20 వేల క్యూబిట్లు, 80 లక్షల గేట్లు, 10 లక్షల కొలతలున్న సర్క్యూట్‌ని 15 సెకన్లలో విశ్లేషించి, ఆపైన సెకనుకు వెయ్యి చొప్పున శాంపిళ్లు ఇస్తుంది. ఎర్రర్ ఎక్కడ పడిందో ఊహించే డీకోడర్‌గా ఆస్కర్ హిగట్ రాసిన పైమ్యాచింగ్ తీసుకున్నాను. శాంపిళ్లు పోగేసే పని సింటర్‌ది. మూడూ పైథాన్‌లో ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతాయి.

ముందు సర్ఫేస్ కోడ్ ముట్టుకోలేదు. జవాబు ముందే తెలిసిన లెక్కతో పైప్‌లైన్‌ని పరీక్షించాలి కదా. అందుకని రిపిటిషన్ కోడ్. ఒక బిట్‌ని మూడు చోట్ల ఉంచి, ఒక్కొక్కటి తిరగబడే అవకాశం 10 శాతం అనుకుంటే, మెజారిటీ తప్పే అవకాశం 2.8 శాతం. ఐదు బిట్లయితే 0.856 శాతం, ఏడయితే 0.273 శాతం. ఇవన్నీ కాగితం మీద చేసుకోగల లెక్కలు. స్టిమ్‌తో శాంపిళ్లు తీసి, పైమ్యాచింగ్‌తో డీకోడ్ చేసి చూస్తే అవే అంకెలు వచ్చాయి. ఇక ధైర్యంగా ముందుకెళ్లొచ్చు.

అయితే ఇది ఇంకా క్లాసికల్ లెక్కే. తెలియని క్వాంటమ్ స్థితిని నకలు తీయలేమని 1982లోనే రుజువైంది. కొలిస్తే ఆ స్థితి పోతుంది. పైగా బిట్ తిరగబడే ఎక్స్ ఎర్రర్‌తో పాటు ఫేజ్ తిరగబడే జెడ్ ఎర్రర్ కూడా ఉంది. అందుకే 1995లో పీటర్ షోర్ తొమ్మిది క్యూబిట్ల కోడ్‌తో వచ్చేదాకా ఇది అసలు సాధ్యమేనా అని చాలామంది అనుమానపడ్డారు. ఆయన చేసిన పనిలో నాకు నచ్చేది ఇది: క్యూబిట్లు ఎలా ఉన్నాయని అడగడం లేదు, పక్కపక్కవి ఒకేలా ఉన్నాయా లేదా అని మాత్రమే అడుగుతున్నాడు. ఆ జవాబుల్లో ఎర్రర్ జాడ ఉంటుంది గానీ దాచిన సమాచారం ఉండదు.

ఆగస్టు చివర

సర్ఫేస్ కోడ్ మొదలైంది. 1997లో అలెక్సీ కితాయెవ్ టోరస్ (గారె లాంటి) ఆకారం మీద ఊహించిన కోడ్‌ని, మరుసటి ఏడాది ఆయనే సెర్గీ బ్రావీతో కలిసి అంచులున్న చదునైన పలక మీదికి తెచ్చాడు. నేను కడుతున్నది దాన్ని 45 డిగ్రీలు తిప్పిన రూపం, క్యూబిట్లు తక్కువ పడతాయి. దూరం 3 అయితే సమాచారాన్ని దాచే 9 డేటా క్యూబిట్లు, వాటిని పరీక్షించే 8 కొలత క్యూబిట్లు, మొత్తం 17. దూరం 5కి 49, దూరం 7కి 97. దూరం అంటే డీకోడర్ కంటపడకుండా, డేటా క్యూబిట్లన్నీ కలిసి దాచే లాజికల్ క్యూబిట్‌ని చెడగొట్టడానికి కావాల్సిన కనీస ఎర్రర్ల సంఖ్య. ఈ నిర్వచనం గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే పేచీ వస్తుంది.

చదరంగం పలకలా తెల్ల గళ్లు ఒక రకం చెక్ (ఎక్స్), నల్ల గళ్లు ఇంకో రకం (జెడ్). ప్రతి గడి తన నాలుగు మూలల్లోని డేటా క్యూబిట్ల పారిటీ (సరా, బేసా) చూస్తుంది. అంచుల్లో ఉన్నవి రెండే చూస్తాయి. ఎర్రర్లు వరసగా ఒక గొలుసులా పడితే ఆ గొలుసు రెండు కొసల్లోని చెక్‌లు మాత్రమే వెలుగుతాయి, మధ్యలోవి ఏమీ ఎరగనట్టు ఉంటాయి. వెలిగిన చుక్కల్ని జతలుగా కలిపి, మొత్తం పొడవు అతి తక్కువ వచ్చేలా చూడడమే డీకోడర్ పని. ఈ జతకట్టే లెక్కకి 1965లో జాక్ ఎడ్మండ్స్ ఇచ్చిన బ్లాసమ్ అల్గారిథమే ఇవాళ్టికీ ఆధారం. క్వాంటమ్ కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లోది అది.

మొదటి ప్రయోగంలో కొలతలన్నీ తప్పుల్లేనివి, ఎర్రర్లు డేటా క్యూబిట్ల మీద మాత్రమే పడతాయి. 3, 5, 7, 9 దూరాలకు గీతలు గీస్తే అన్నీ ఒక చోట దాటుకోవాలి. ఆ చోటుకు ఎడమన దూరం పెంచే కొద్దీ లాజికల్ ఎర్రర్ తగ్గుతుంది, కుడిన పెరుగుతుంది. అదే త్రెషోల్డ్. పేపర్లలో ఈ డీకోడర్‌కి ఇచ్చే అంకె 10.3 శాతం. నా గీతలు 15.5 దగ్గర దాటుకున్నాయి.

ఇందులో వింతేమీ లేదు. స్టిమ్‌లో డీపోలరైజింగ్ ఎర్రర్ అంటే ఎక్స్, వై (ఎక్స్, జెడ్ రెండూ కలిసినది), జెడ్ మూడూ సమానంగా పడతాయి. ఒక రకం చెక్‌కి కనిపించేవి వాటిలో రెండే. 15.5లో మూడింట రెండు వంతులు అంటే 10.3. ఉత్త ఎక్స్ ఎర్రర్ పెట్టి మళ్లీ నడిపితే గీతలు తమ చోటుకొచ్చాయి. అంతర్జాలంలో రెండు త్రెషోల్డ్ అంకెల్ని పక్కపక్కన పెట్టి "మాది మేలు" అనే వాదనలు చూసినప్పుడు ముందు ఎర్రర్ మోడల్ ఏమిటో అడగాలి. లేకపోతే శాతాల పోలిక ఒట్టి మాట.

సెప్టెంబరు

ఇప్పుడు కొలతలూ తప్పుతాయి. ఒక చెక్ వెలిగిందంటే ఎర్రర్ పడిందా, లేక కొలతే అబద్ధం చెప్పిందా? ఒక్కసారి చూస్తే తెలియదు. అందుకే అవే చెక్‌లను రౌండ్లు రౌండ్లుగా కొలుస్తూ పోతాం. ఇక్కడ పనికొచ్చేది కొలత విలువ కాదు, రెండు రౌండ్ల మధ్య తేడా. కరెంటు మీటరు రీడింగు ఎంతన్నది పక్కనపెట్టి పోయిన నెలకీ ఈ నెలకీ తేడా చూసి బిల్లు వేసినట్టు. ఆ తేడానే స్టిమ్ డిటెక్టర్ అంటుంది. దూరం 5, రౌండ్లు 5 అయితే 120 డిటెక్టర్లు. దూరం 7, రౌండ్లు 7 అయితే 336.

చుక్కలు ఇక పలక మీద లేవు, కాలం కూడా కలిసి మూడు దిక్కుల గ్రాఫ్ అయింది. డేటా ఎర్రర్ అడ్డంగా నడుస్తుంది, కొలత ఎర్రర్ కాలం వెంబడి నిలువుగా నడుస్తుంది. డీకోడర్‌కి మాత్రం రెండూ ఒకటే, జతకట్టడమే దాని పని. ఎరిక్ డెన్నిస్, కితాయెవ్, ఆండ్రూ లాండాల్, జాన్ ప్రెస్కిల్ 2002లో రాసిన పేపర్‌లో ఈ చిత్రమంతా ఉంది. డేటా ఎర్రర్, కొలత ఎర్రర్ రెండిటికీ ఒకే రేటు పెడితే దాటుకునే చోటు 2.9 శాతం చుట్టుపక్కలకు వచ్చేసింది.

ఆ తర్వాత అసలు సర్క్యూట్. ప్రతి సీనాట్‌కీ, ప్రతి హాడమర్డ్‌కీ, ప్రతి రీసెట్‌కీ, ఊరికే కూర్చున్న క్యూబిట్‌కీ ఎర్రర్ పెట్టాను. గీతలు ఒక శాతం లోపలికి జారిపోయాయి, 0.7కి అటూ ఇటూ. 10.3, 2.9, 0.7. కోడ్ ఒకటే, పలక ఒకటే, డీకోడర్ ఒకటే. నిజానికి దగ్గరయ్యే కొద్దీ ఒక్కో మెట్టు దిగాం. ప్రయోగశాలల్లో రెండు క్యూబిట్ల గేట్ ఎర్రర్‌ని ఒక శాతం కన్నా బాగా కిందికి దించడానికి అంత కష్టపడటం ఎందుకో ఈ మూడు గ్రాఫులు పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

సెప్టెంబరు చివర

ఈ ప్రాజెక్టులో ఎక్కువ రాత్రులు తిన్నదీ, ఎక్కువ నేర్పిందీ ఈ భాగమే.

స్టిమ్ సర్ఫేస్ కోడ్ సర్క్యూట్‌ని తనంతట తానే తయారుచేసి ఇస్తుంది. దాన్ని వాడితే గ్రాఫులు చక్కగా వస్తాయి గానీ లోపల ఏం జరుగుతోందో తెలియదు. నేనే రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఒక ప్రశ్న ఎదురైంది. కొలత క్యూబిట్ తన నాలుగు పొరుగు క్యూబిట్లతో నాలుగు సీనాట్‌లు చేయాలి. ఏ వరసలో? పారిటీ కూడిక కదా, ఏ వరసలో కూడినా ఒకటే అనిపిస్తుంది.

ఒకటి కాదు. ఎక్స్ చెక్‌లో కొలత క్యూబిట్ కంట్రోల్‌గా ఉంటుంది. రెండు సీనాట్‌లు అయ్యాక దానికో ఎక్స్ ఎర్రర్ పడిందనుకుందాం. మిగిలిన రెండు సీనాట్‌లు ఆ ఎర్రర్‌ని మోసుకెళ్లి రెండు డేటా క్యూబిట్ల మీద పడేస్తాయి. జరిగింది ఒక్క తప్పు, చెడింది రెండు క్యూబిట్లు. దీన్ని హుక్ ఎర్రర్ అంటారు. ఆ రెండు క్యూబిట్లు లాజికల్ ఎర్రర్ గొలుసు నడిచే దిక్కులోనే ఉంటే గొలుసు ఒక్క అడుగులో రెండు గళ్లు దాటేస్తుంది. అడ్డంగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఏ రెండు క్యూబిట్లు చివరికి మిగులుతాయన్నది సీనాట్‌ల వరస నిర్ణయిస్తుంది.

దీన్ని కొలవడానికి స్టిమ్‌లో షార్టెస్ట్ గ్రాఫ్‌లైక్ ఎర్రర్ అనే ఫంక్షన్ ఉంది. శాంపిళ్లు తీయదు, అదృష్టం మీద ఆధారపడదు. డిటెక్టర్లు ఏవీ వెలగకుండా లాజికల్ జవాబుని తిరగేసే అతి చిన్న ఎర్రర్ల జాబితాని నేరుగా వెతికి ఇస్తుంది. ఆ జాబితా పొడవే సర్క్యూట్ అసలు దూరం. దూరం 5 పలక తీసుకుని మూడు రకాలుగా నడిపాను.

మొదటిది అందరూ వాడే పద్ధతి. ఎక్స్ చెక్‌లకు ఒక వరస, జెడ్ చెక్‌లకు దాన్ని అడ్డం తిప్పిన వరస. సున్నా స్థితిని దాచే జెడ్ మెమరీలో జవాబు 5, ప్లస్ స్థితిని దాచే ఎక్స్ మెమరీలోనూ 5.

రెండోది, రెండు వరసల్నీ తారుమారు చేసి పెట్టాను. రెండు మెమరీల్లోనూ 3.

మూడోదే అసలు తమాషా. రెండు రకాల చెక్‌లకూ ఒకే వరస. రాయడానికి ఇదే తేలిక, లూప్ ఒకటే చాలు. సర్క్యూట్ కూడా పూర్తిగా చెల్లుతుంది, చెక్‌లు ఒకదానికొకటి అడ్డు రావు, డిటెక్టర్లన్నీ సరిగ్గా పనిచేస్తాయి. జెడ్ మెమరీలో జవాబు 5. ఎక్స్ మెమరీలో 3. అంటే ఎవరైనా జెడ్ మెమరీ ఒక్కటే నడిపి గ్రాఫ్ గీస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండో వైపు సగం కూలిపోయి ఉంటుంది. దూరం 7తో చేస్తే 7, 4 వచ్చాయి.

త్రెషోల్డ్ గ్రాఫ్ చూసి ఇది కనిపెట్టడం కష్టం. గీతలు దాటుకునే చోటుకి దగ్గర్లో మంచి వరసకీ చెడు వరసకీ పెద్ద తేడా లేదు. తేడా అంతా కింద, ఎర్రర్ తక్కువగా ఉన్న మూలలో, గీత వాలులో ఉంది. దూరం 5 నిజంగా 5 అయితే కోడ్ ఓడిపోవడానికి కనీసం మూడు ఎర్రర్లు కలిసి రావాలి. ఫిజికల్ ఎర్రర్‌ని సగం చేస్తే లాజికల్ ఎర్రర్ సుమారు ఎనిమిదో వంతుకు పడాలి. హుక్ పడిన సర్క్యూట్‌లో రెండు ఎర్రర్లు చాలు, అందుకని నాలుగో వంతుకే పడుతుంది. మరి ఆ మూలలో శాంపిళ్లు తీయడమే కష్టం. పది లక్షల్లో ఒకసారి జరిగే వైఫల్యాన్ని వంద సార్లు చూడాలంటే పది కోట్ల శాంపిళ్లు కావాలి, అప్పుడు కూడా అంచనాలో పది శాతం ఊగిసలాట ఉంటుంది. అందుకే ఏ సర్క్యూట్ రాసినా ముందు ఆ ఫంక్షన్ నడపడం, అది కూడా రెండు మెమరీల్లో నడపడం నా స్క్రిప్ట్‌లో మొదటి లైన్ అయిపోయింది.

సీనాట్‌ల వరస సంగతి కొత్తదేమీ కాదు. 17 క్యూబిట్ల కోడ్ మీద యూ తోమితా, క్రిస్టా స్వోర్ 2014లోనే వివరంగా రాశారు. కానీ పరిచయ వ్యాసాల్లో బొమ్మ గీసి "ఇది దూరం 5 కోడ్" అని వదిలేస్తారు. పలక మీద గీసిన దూరం వేరు, సర్క్యూట్‌లో నిలిచే దూరం వేరు. ఎర్రర్ కరెక్షన్‌కీ ఫాల్ట్ టాలరెన్స్‌కీ మధ్య గీత నాకు ఇక్కడే కనిపించింది. ఎర్రర్‌ని సరిచేసే కోడ్ ఉండటం ఒక పని, సరిచేసే పనిముట్టే తప్పుచేసినా కోడ్ నిలబడటం ఇంకో పని.

దసరా సెలవులు

గుంటూరులో ఇంట్లో ఉన్నాను. బాబాయి కొడుకు బీటెక్ చదువుతున్నాడు. తెర మీద పలక బొమ్మ చూసి అడిగాడు:

"అన్నయ్యా, అమరావతిలో పెడతామన్న ఐబీఎం మిషన్‌లో ఇది నడుస్తుందా?"

"ఇలాగే పెడితే నడవదురా. దానిలో క్యూబిట్‌కి పొరుగులు మూడుకి మించి ఉండవు. దీనికి నాలుగు కావాలి."

"మరి అంత ఖర్చుపెట్టి అలా ఎందుకు కట్టారు?"

ప్రశ్న న్యాయమైనదే. అమరావతి క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్క్‌లో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ టూ యంత్రాన్ని పెడతామని ఈ మేలో ప్రకటించారు. హెరాన్‌లో క్యూబిట్లు హెవీ హెక్స్ అమరికలో ఉంటాయి, తేనెపట్టు గళ్ల అంచుల మీద కూడా ఒక్కో క్యూబిట్ ఉన్నట్టు. పొరుగులు తక్కువైతే ఒకదాని ఫ్రీక్వెన్సీ ఇంకోదాన్ని గెలకడం తగ్గుతుంది. హార్డ్‌వేర్‌కి అది సుఖం, సర్ఫేస్ కోడ్‌కి కష్టం. దారిలో అదనపు క్యూబిట్లు పెట్టి చుట్టు తిరిగి వెళ్లాలి, ఆ అదనపు క్యూబిట్లనే హుక్ ఎర్రర్లను పట్టుకునే జెండాలుగా వాడే కోడ్లు 2020లో ఐబీఎం వాళ్లే ప్రతిపాదించారు.

వాళ్ల అసలు దారి వేరే. 2024 మార్చిలో నేచర్ పత్రికలో వచ్చిన కోడ్ ఒకటి 144 డేటా క్యూబిట్లు, 144 చెక్ క్యూబిట్లతో 12 లాజికల్ క్యూబిట్లను దూరం 12తో దాచుకుంటుంది. అంత రక్షణకి సర్ఫేస్ కోడ్ అయితే దాదాపు 3,000 క్యూబిట్లు అడుగుతుంది. ఇందులో ప్రతి క్యూబిట్‌కీ ఆరు పొరుగులు కావాలి, వాటిలో కొన్ని దూరంగా ఉంటాయి. మావాడికి అంతా చెప్పాక వాడు తేల్చిందేమిటంటే, "అయితే ఇదంతా వైరింగ్ గొడవే." ఎలక్ట్రికల్ బ్రాంచి కదా. కానీ నేను దాన్ని కాదనలేకపోయాను.

ఆ కోడ్‌ని కూడా స్టిమ్‌లో పెట్టి చూశాను, కాసేపే. ఒక డేటా ఎర్రర్‌కి రెండు కాదు, మూడు చెక్‌లు వెలుగుతాయి. జతలు కట్టడం అనే ఆలోచనే పనిచేయదు, పైమ్యాచింగ్‌ని పక్కనపెట్టి వేరే రకం డీకోడర్ తెచ్చుకోవాలి. అది ఇంకో ప్రాజెక్టు.

అక్టోబరు

గూగుల్ విల్లో చిప్ ఫలితాలతో నా గ్రాఫుల్ని పోల్చడం ఈ నెల పని. 2023లో వాళ్లు దూరం 3 నుంచి 5కి వెళితే లాజికల్ ఎర్రర్ రౌండుకు 3.028 శాతం నుంచి 2.914కి తగ్గింది. దూరం పెంచితే లాభం ఉందనడానికి సరిపోతుంది గానీ అది గోటితో గీరినంత తేడా. 2024 డిసెంబరులో 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద దూరం 7 కోడ్‌తో రౌండుకు 0.143 శాతం సాధించారు. దూరాన్ని రెండు పెంచిన ప్రతిసారీ ఎర్రర్ 2.14 రెట్లు తగ్గింది. ఈ నిష్పత్తినే లాంబ్డా అంటారు. ఆ లాజికల్ క్యూబిట్ తనలోని అత్యుత్తమ ఫిజికల్ క్యూబిట్ కన్నా 2.4 రెట్లు ఎక్కువ కాలం నిలిచింది.

పోల్చడానికి ముందు ఒక లెక్క సరిచూసుకోవాలి. సిమ్యులేటర్ ఇచ్చేది మొత్తం పరుగుకి వైఫల్యం రేటు, పేపర్ ఇచ్చేది రౌండుకి. రౌండుకి 0.143 అయితే వెయ్యి రౌండ్లకి 143 శాతం అని గుణించలేం కదా. రెండుసార్లు తిరగబడితే మళ్లీ మొదటికే వస్తుంది. సరైన లెక్కలో వంద రౌండ్లకి 12.5 శాతం, వెయ్యి రౌండ్లకి 47 శాతం, ఆపైన యాభై దగ్గర ఆగిపోతుంది.

నా సర్క్యూట్‌లో ప్రతిదానికీ 0.3 శాతం ఎర్రర్ పెడితే లాంబ్డా రెండుకీ మూడుకీ మధ్య వస్తోంది. త్రెషోల్డ్‌ని ఫిజికల్ ఎర్రర్‌తో భాగిస్తే వచ్చే ముతక అంచనా కూడా అక్కడే ఉంది. ఇంత సాదా మోడల్ అసలు చిప్ పోకడని ఇంత దగ్గరగా చూపడం నాకు ఆశ్చర్యమే. కానీ ఇందులో రానివి ఉన్నాయి. నా ఎర్రర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడతాయి. గూగుల్ వాళ్లు రిపిటిషన్ కోడ్‌ని దూరం 29 వరకు తీసుకెళ్లినప్పుడు దాదాపు గంటకోసారి చాలా క్యూబిట్లు ఒక్కసారే చెడిపోయే ఘటనలు కనిపించాయి, దాంతో లాజికల్ ఎర్రర్ వెయ్యి కోట్లలో ఒకటి దగ్గర ఆగిపోయింది. దూరం ఎంత పెంచినా ఆ నేల కిందికి పోదు. నా ల్యాప్‌టాప్‌లో అలాంటి గంట ఎప్పుడూ రాదు.

అంకెలతో ఇంకాస్త ఆడాను. దూరం 7 దగ్గర 0.143 శాతం, లాంబ్డా 2.14. రౌండుకి పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ కావాలంటే పది మెట్లు ఎక్కాలి, అంటే దూరం 27, ఒక్క లాజికల్ క్యూబిట్‌కి 1,457 ఫిజికల్ క్యూబిట్లు. అదే చోటు నుంచి మొదలై లాంబ్డా రెట్టింపయితే ఐదు మెట్లు చాలు, దూరం 17, 577 క్యూబిట్లు. క్యూబిట్ల సంఖ్య పెంచడం కన్నా ఉన్న క్యూబిట్ల నాణ్యత పెంచడమే చవక అని నా అభిప్రాయం. పత్రికల్లో మాత్రం క్యూబిట్ల సంఖ్యే హెడ్‌లైన్ అవుతుంది.

అక్టోబరు చివర, డీకోడర్ వేగం

దీపావళి తర్వాత రెండు చిన్న ప్రయోగాలు. డీకోడర్‌కి ఏ ఎర్రర్ ఎంత తరచుగా వస్తుందో చెప్పకుండా గ్రాఫ్‌లో అన్ని గీతలకూ ఒకే బరువు ఇస్తే లాజికల్ ఎర్రర్ పెరిగింది, త్రెషోల్డ్ కిందికి జారింది. ఊహించినదే. హార్డ్‌వేర్ వాళ్లు తమ చిప్‌లో ఏ మూల ఎంత చెడ్డదో ఓపికగా ఎందుకు కొలుస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది వేగం. సూపర్‌కండక్టింగ్ చిప్ మీద ఒక రౌండు సుమారు ఒక మైక్రోసెకను, విల్లోలో 1.1. డీకోడర్ అంతకన్నా నెమ్మదైతే పని పేరుకుపోతుంది. తర్వాతి గేట్ డీకోడర్ జవాబు మీద ఆధారపడితే ఒక్కో గేట్‌కీ ఎదురుచూపు పెరుగుతూ పోయి చివరికి కంప్యూటర్ నిలిచిపోతుంది. పైమ్యాచింగ్ రెండో వెర్షన్ దూరం 17 కోడ్‌ని 0.1 శాతం ఎర్రర్ దగ్గర ఒక్క కోర్ మీద రౌండుకి మైక్రోసెకను లోపే డీకోడ్ చేస్తుందని దాని రచయితలు చూపించారు. నా పాత ల్యాప్‌టాప్ అంత పరుగెత్తలేదు గానీ ఒక ధోరణి స్పష్టంగా ఉంది: ఫిజికల్ ఎర్రర్ తగ్గితే డీకోడింగ్ కూడా వేగవంతమవుతుంది, వెలిగే చుక్కలు తక్కువ కాబట్టి. మంచి క్యూబిట్లు రెండు వైపులా లాభం. త్రెషోల్డ్ దగ్గర నడిపితే ఫ్యాన్ మోత పక్క గదిదాకా వినిపిస్తుంది.

నవంబరు

ఇప్పటిదాకా చేసినదంతా మెమరీ. ఒక క్యూబిట్‌ని చెడకుండా దాచడం కంప్యూటింగ్ కాదు. కంప్యూటింగ్‌కి రెండు లాజికల్ క్యూబిట్ల మధ్య గేట్ కావాలి, టీ గేట్ కూడా కావాలి. టీ గేట్‌ని స్టిమ్ అనుకరించలేదు, క్లిఫర్డ్ హద్దు దాటిపోతుంది. ఏ ఒక్క కోడూ అన్ని గేట్లనీ సులువు మార్గంలో ఇవ్వలేదని 2009లో ఈస్టిన్, నిల్ నిరూపించారు. అందుకే టీ గేట్ పని చేసిపెట్టే మ్యాజిక్ స్టేట్లనే ప్రత్యేక స్థితులను విడిగా శుద్ధి చేసి వాడుకుంటారు. 15 మురికి స్టేట్ల నుంచి ఒక మంచిది తీసే పద్ధతిలో, లోపలికి వెళ్లేవాటి ఎర్రర్ 0.1 శాతం అయితే బయటికి వచ్చేదాని ఎర్రర్ సుమారు 2.9 కోట్లలో ఒకటి. ఖరీదు చూడండి మరి. ఆర్‌ఎస్ఏ 2048 అనే ఎన్‌క్రిప్షన్‌ని ఛేదించడానికి రెండు కోట్ల క్యూబిట్లు, 8 గంటలు చాలని గిడ్నీ, ఎకెరో 2019లో లెక్క వేశారు. ఈ మేలో గిడ్నీ దాన్నే పది లక్షల కన్నా తక్కువ క్యూబిట్లు, వారం లోపు అన్నాడు. రెండిట్లోనూ హార్డ్‌వేర్ ఊహ ఒకటే, 0.1 శాతం ఎర్రర్, మైక్రోసెకను రౌండు. మారింది అల్గారిథమూ, కోడ్లను పేర్చే తీరూ.

ఈ నెలలోనే ఐబీఎం నైట్‌హాక్ అనే చిప్‌ని ప్రకటించింది. 120 క్యూబిట్లు, 218 కప్లర్లు (క్యూబిట్ల మధ్య లంకెలు), ఈసారి చదరపు గళ్ల అమరిక, క్యూబిట్‌కి నాలుగు పొరుగులు. మావాడికి వార్త పంపితే వెంటనే జవాబు: "చూశావా, వైరింగే."

రెండు క్యూబిట్ల గేట్ సంగతికి వస్తే, 2012లో వచ్చిన లాటిస్ సర్జరీ పద్ధతిలో రెండు పలకల్ని అంచు దగ్గర కలిపి కుట్టి, మళ్లీ విడదీస్తారు. కలిపినప్పుడు అతుకు మీదున్న చెక్‌ల మొదటి కొలతలన్నీ గుణిస్తే రెండు లాజికల్ క్యూబిట్ల ఉమ్మడి పారిటీ వస్తుంది. ఆ మొదటి కొలతల్లో ఒక్కటి తప్పినా పారిటీ తప్పు. అందుకే కలిపి ఉంచి మళ్లీ మళ్లీ కొలుస్తారు. ఇక్కడ కాపాడేది పలక వెడల్పు కాదు, రౌండ్ల సంఖ్య. మెమరీ ప్రయోగం దీన్ని అసలు పరీక్షించదు.

దానికి గిడ్నీ 2022లో స్టెబిలిటీ ప్రయోగం అని ఒకటి రూపొందించాడు. నాలుగు అంచులూ ఒకే రకంగా ఉండే పలక తీసుకోవాలి. దానిలో లాజికల్ క్యూబిట్ ఏదీ దాగదు. కానీ ఒక రకం చెక్‌లన్నీ గుణిస్తే జవాబు ముందే తెలిసి ఉంటుంది. ఆ తెలిసిన జవాబుని నమ్మకంగా రాబట్టగలమా అన్నదే పరీక్ష. నాలుగు బై నాలుగు పలకతో మొదలుపెట్టాను. షార్టెస్ట్ గ్రాఫ్‌లైక్ ఎర్రర్ నడిపితే, పలక పెద్దది చేసినా జవాబు మారలేదు. రౌండ్లు పెంచితే పెరిగింది. జాబితా తెరిచి చూస్తే అందులో డేటా క్యూబిట్లు లేనే లేవు, ఒకే కొలత క్యూబిట్ ప్రతి రౌండులోనూ అబద్ధం చెబుతోంది. ఎర్రర్ గొలుసు పలకను దాటడం లేదు, మొదటి రౌండు నుంచి చివరి రౌండుకి కాలంలో నడిచి వెళ్తోంది.

ఇక చేయాల్సింది రెండు పలకల్ని నిజంగా కుట్టి, అతుకు దగ్గర సీనాట్‌ల వరస మారిస్తే మూడు దిక్కుల్లో ఏ దూరం ముందు తెగుతుందో చూడడం. అతుకు వెంట చెక్‌ల ఆకారం మారుతుంది కాబట్టి పాత వరస అక్కడ చెల్లుతుందో లేదో ముందే చెప్పలేను. రెండు పలకల క్యూబిట్లకూ కోఆర్డినేట్లు రాసే ఫైల్ సగంలో ఉంది.